ఇస్తాంబుల్‌లో మేము చూసినవి, మాకు చూపినవారు

(సంఘం వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



విదేశాలలో మీ విద్యార్థి జీవితం గూర్చి నాలుగు మాటలు చెప్పండని కార్యదర్శిగారు ఆదేశించారు. మేము అన్నదమ్ములము ఇద్దరము. ఒకే సంవత్సరం, 2012లో, టర్కీ ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఇస్తాంబుల్ వెళ్ళి 2015లో తిరిగి వచ్చాము. ఈ కాగితం చదువుతున్నది మాలో పెద్దవాడు గాని, మాటలు ఇద్దరివీ. ఎక్కడైనా తప్పు దొర్లితే రెండోవాడు ముందు వరుసలోనే ఉన్నాడు, లేచి సరిదిద్దుతాడు. ఇంట్లో అలవాటే.

చదువు సంగతి, దరఖాస్తుల సంగతి కావలసిన పిల్లలు విడిగా వచ్చి అడిగితే చెబుతాము. ఇప్పుడు చెప్పబోయేది వేరు. ఆ మహానగరాన్ని చేయి పట్టుకుని మాకు చూపించిన ఒక కుటుంబం గూర్చి చెప్పాలి. ఆ తరువాత మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మొదటి ఏడాదంతా హాస్టల్లో ఉండి టర్కీ భాష నేర్చుకున్నాము. అక్కడ చదవాలంటే ముందు భాష రావాలి. 2013 ఎండాకాలంలో హాస్టలు వదిలి ఉస్కుదార్ అనే పేటలో ఒక ఇంటి మేడమీద గది అద్దెకు తీసుకున్నాము. ఇస్తాంబుల్ నగరం రెండు ఖండాలలో ఉంటుందని చిన్నప్పుడు భూగోళంలో చదువుకున్నాముగా. మధ్యలో బాస్ఫరస్ జలసంధి, అటు యూరప్, ఇటు ఆసియా. ఉస్కుదార్ ఆసియా వైపు. పొద్దున లేచి కిటికీ తీస్తే ఎదురుగా నీళ్ళు, నీళ్ళ అవతల మసీదుల గుమ్మటాలు, మినార్లు.

ఇంటివారు ముగ్గురు. పెద్దాయన, వారి భార్య, దగ్గరలోని బడిలో టీచరుగా పనిచేసే వారి అమ్మాయి. పేర్లతో మాకు పనే పడలేదు. అక్కడా మనలాగే వరసలు పెట్టి పిలుచుకుంటారు. తల్లి చెల్లెలిని మనం ఖాలా అంటాము, వాళ్ళు తెయ్జె అంటారు. చిన్నాన్నను అమ్జా అంటారు. అక్కను అబ్లా అంటారు. మొదటి రోజే మేము "మేడమ్" అంటే ఆమె నొచ్చుకున్నది. "మేడమ్ ఏమిటి ఓలుమ్, తెయ్జె అను" అన్నది. ఓలుమ్ అంటే నాయనా అని. ఆ రోజునుంచి మేము అద్దెకున్నవాళ్ళం కాదు. అద్దె మాత్రం నెల నెలా ఇచ్చేవాళ్ళమనుకోండి.

భాష గూర్చి ఒక్క మాట. మొదట్లో నోరు తిరగలేదు గాని, తరువాత చూస్తే సగం మాటలు మన ఇంట్లోవే. కితాబు, కలం, దునియా, హవా, చాయ్, జేబు, మైదాను, బజారు, అన్నీ కొద్ది తేడాతో అక్కడున్నాయి. మన సబ్బు వాళ్ళకు సాబున్. మన తుపాకి వాళ్ళకు తుఫెక్. మన ముత్తవ్వల పేర్ల చివర ఉండే బేగం, ఖానం అనేవి అటునుంచి నడిచివచ్చిన మాటలే. ఉర్దూ అనే మాటకే టర్కీలో దండు అని అర్థం. తెయ్జెకు ఈ సంగతులన్నీ పెద్ద వేడుక. కూర తరుగుతూ తరుగుతూ "ఇది మీ భాషలో ఏమిటి?" అని కత్తి ఎత్తి అడిగేది.

ఆదివారం పొద్దున కింద వాళ్ళతో కలిసి నాస్తా చేయవలసిందే. దాన్ని కహ్వాల్తి అంటారు, కాఫీకి ముందు తినేది అని అర్థం. ఆలివు కాయలు, జున్నులు, దోసకాయ, టమాటా, తేనె, గుడ్లు, రొట్టె, సన్ననడుము గాజు గ్లాసుల్లో పాలు లేని టీ. రెండు గంటలు కూర్చుంటారు. తెయ్జె పుట్టిల్లు మరాష్ ప్రాంతం. అక్కడి మిరపకాయ టర్కీ అంతటా పేరుపడ్డది. "మా ఊరి కారం మీరు తట్టుకోలేరు" అని ఆమె మమ్మల్ని వెక్కిరిస్తూ ఉండేది. మేము గుంటూరు వాళ్ళమని పాపం ఆమెకు తెలుసుగాని, గుంటూరంటే ఏమిటో తెలియదు. అమ్మీ పంపిన కారంపొడి డబ్బా ఒకనాడు కిందికి తీసుకెళ్ళాము. వాళ్ళ కారం చల్లుకున్నట్టే ఆమె గుడ్డు మీద చెంచాడు చల్లుకున్నది. మేము వద్దు వద్దు అంటూనే ఉన్నాము. తరువాత పెరుగు గిన్నె మొత్తం ఖాళీ అయింది. అమ్జా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆ తరువాత ఆమె ఆ డబ్బాను వచ్చినవాళ్ళందరికీ చూపించి, ఒక్క చిటికె వేసి, వాళ్ళ మొహాలు చూసి సంతోషించేది.

నాస్తా అయినాక అమ్జా టోపీ పెట్టుకుని "పదండి" అనేవాడు. ఎక్కడికో చెప్పడు. ఆయన రిటైరుకు ముందు బాస్ఫరస్ మీద తిరిగే వపుర్లలో, అంటే ప్రయాణీకుల స్టీమర్లలో, ముప్పయి ఏళ్ళు పనిచేశాడు. స్టీమరు రేవుకు చేరుతుండగా లావుపాటి మోకు విసిరి కట్టడం ఆయన పని. అందుచేత మాకు నగరం నీళ్ళమీదనుంచే పరిచయమయింది. ఉస్కుదార్ నుంచి ఎమినోనుకు పావుగంట, ఇరవై నిమిషాలు. పై అంతస్తులో చెక్క బల్లమీద కూర్చోబెట్టి, నువ్వులద్దిన సిమిత్ రొట్టె కొని ఇచ్చి, సగం తినమనేవాడు, సగం తుంచి గాలిలోకి విసిరితే సముద్రపు పక్షులు ఎగురుతూనే నోట కరుచుకునేవి. ఒడ్డున కనబడే ప్రతి కట్టడానికీ ఆయన దగ్గర ఒక కథ ఉండేది. ఏది చరిత్రో, ఏది స్టీమరు వాళ్ళ కబుర్లో తరువాత పుస్తకాలు చూసి మేము వేరుచేసుకోవలసి వచ్చేది.

అదే ఏడాది అక్టోబరు 29న సముద్రం అడుగునుంచి పోయే రైలు మొదలయింది. మర్మరాయ్ అంటారు. నీటిమట్టానికి సుమారు 60 మీటర్ల లోతున సొరంగం. 1860లోనే సుల్తానుల కాలంలో దీనికి ఒక నక్షా గీశారట. పనులు చేస్తుండగా యెనికాపి అనే చోట పాతకాలపు ఓడల అవశేషాలు 37 బయటపడి, ఆ తవ్వకాల మూలాన పని ఏళ్ళ తరబడి ఆలస్యమయింది. ఉస్కుదార్ నుంచి అవతలి ఒడ్డుకు నాలుగు నిమిషాలు. మేము ఎగిరి గంతేశాము. అమ్జా మాత్రం ఆ రైలెక్కనన్నాడు. "నీళ్ళమీద దారి ఉండగా నీళ్ళకింద పోవడానికి నేను చేపనా?" అన్నాడు. మేమున్నన్నాళ్ళూ ఎక్కలేదు కూడా. మేము కాలేజీకి ఆలస్యమయిన రోజుల్లో దొంగచాటుగా రైల్లో పోయేవాళ్ళము.

సులేమానియె మసీదు గూర్చి చెప్పకుండా ఉండలేము. 1557లో పూర్తయింది. మన చార్మినారు కంటే 34 ఏళ్ళు పెద్దది. కట్టినవాడు సినాన్ అనే మహాశిల్పి. ఆ రోజుల్లో లోపల వందల నూనె దీపాలు వెలిగేవి గదా, ఆ పొగ గోడలకు పట్టకుండా గాలి అంతా ఒకవైపుకు లాగేటట్టు కట్టి, గుమ్మం పైన ఒక గదిలోకి మసి చేరేటట్టు చేశాడని చెబుతారు. ఆ మసితో సిరా తయారుచేసేవారట. పొగను కూడా వృథా పోనివ్వలేదు. మాలో ఒకడు సివిల్ ఇంజనీరింగు విద్యార్థి, వాడు ఆ గుమ్మం కింద తల పైకెత్తి అరగంట నిలబడ్డాడు. అమ్జా ఓపికగా పక్కనే నిలబడ్డాడు. సినాన్ సమాధి ఆ ఆవరణ బయట ఒక వీధి మూలమీద చిన్నదిగా ఉన్నది. చూపించకపోతే దాటిపోతాము.

అయా సోఫ్యా సంగతి మీరు పత్రికలలో చదివే ఉంటారు. 537లో చర్చిగా కట్టారు, 1453 తరువాత మసీదయింది, 1935లో మ్యూజియముగా తెరిచారు, 2020లో మళ్ళీ మసీదు చేశారు. మేము వెళ్ళినప్పుడు మ్యూజియము. టిక్కెట్టు కొని లోపలికి పోవాలి. అమ్జా మా ఇద్దరికీ టిక్కెట్లు కొన్నాడు. మేమిస్తామంటే చేయి పక్కకు నెట్టేశాడు. "మేము చూశాంలే ఓలుమ్, మీరు చూసి రండి" అని తెయ్జె బయట బల్లమీద కూర్చున్నది. ఫ్లాస్కులో టీ, పొట్లంలో పొద్దుతిరుగుడు గింజలు. మేము గంటన్నర తిరిగి వచ్చేసరికి వాళ్ళ కాళ్ళ దగ్గర గింజల పొట్టు పడి ఉన్నది. తోప్‌కాపి మహలు దగ్గరా అంతే. అదీ సుల్తానుల కోట. తోపు అంటే మన ఫిరంగే, కాపి అంటే గుమ్మం. లోపల ఏమేమి చూశామో సాయంత్రం వివరంగా చెప్పించుకునేవారు. ఇద్దరూ చెవి ఒగ్గి వినేవారు. మాకు టర్కీ మాటలు బాగా రావడానికి అలా చెప్పిస్తున్నారని మేము అనుకున్నాము. ఎంత తెలివైనవాళ్ళమో చూడండి.

ఎమినోనులో ఒక బ్యాంకు మ్యూజియము ఉన్నది. దానికి టిక్కెట్టు లేదు. కాబట్టి నలుగురము లోపలికి వెళ్ళాము. టర్కీలో పెద్ద బ్యాంకుల్లో ఒకటయిన ఇష్ బ్యాంకు వాళ్ళది. అమ్జా పింఛను జమయ్యేది ఆ బ్యాంకులోనే. అక్కడ ఒక అద్దాల బల్ల దగ్గర ఆయన మమ్మల్ని నిలబెట్టి, "ఈ బ్యాంకు పునాదిలో మీ రూపాయలు ఉన్నాయి తెలుసా?" అన్నాడు. మాకు తెలియదు. ఖిలాఫత్ ఉద్యమం రోజుల్లో మన దేశంలో ఊరూరా చందాలు వసూలు చేసి టర్కీకి పంపారు. ఆ సొమ్ములోంచి ముస్తఫా కెమాల్ 2,50,000 లీరాలు తొలి మూలధనంగా పెట్టి 1924 ఆగస్టు 26న ఆ బ్యాంకును స్థాపించారు. ఖలీఫా పదవిని రద్దు చేసిన సంవత్సరమూ అదే 1924. ఖిలాఫత్ కోసం ఇచ్చిన చందా చివరకు బ్యాంకయిందని ఇక్కడి పెద్దలు ఆనాడు ఏమనుకున్నారో గాని, అమ్జా మాత్రం పక్కనున్న కాపలా మనిషిని పిలిచి, "వీళ్ళు హిందుస్తాన్ పిల్లలు, వీళ్ళ తాతలు మనకు డబ్బు పంపారు" అని పరిచయం చేశాడు. ఆ మనిషి మాకు చేయి కలిపాడు. మా తాత రూపాయి పంపాడో లేదో మాకు తెలియదు. సంఘం చందా పుస్తకం పట్టుకుని మన కోశాధికారిగారు ఇంటింటికీ తిరిగితే, ఇంట్లో లేరని చెప్పించేవాళ్ళు కొందరున్నారు. వారికోసం ఈ ముక్క చెప్పాము. కోపగించుకోవద్దు.

బుర్సా యాత్ర త్వరగా చెప్పి ముగిస్తాము. తెయ్జె చెల్లెలు అక్కడ ఉండేది. కారుతో సహా పడవెక్కి గల్ఫు దాటి వెళ్ళాము. ఉలూ జామి అనే పెద్ద మసీదుకు ఇరవై గుమ్మటాలు, లోపల నడిమధ్యన వుజూకు నీళ్ళ ఫౌంటెను. యుద్ధం గెలిస్తే ఇరవై మసీదులు కట్టిస్తానని మొక్కిన సుల్తాన్ బాయెజీద్, ఆఖరికి ఇరవై గుమ్మటాలతో ఒకటే కట్టించాడని అక్కడివారి మాట. మొక్కులకు సర్దుబాట్లు అన్ని దేశాల్లోనూ ఉన్నాయన్నమాట. 1491 నాటి పట్టుగూళ్ళ బజారులో తెయ్జె మా అమ్మీ కోసం ఒక పట్టు రుమాలు కొన్నది. అరగంట బేరమాడింది. ఆ బేరం చూస్తే మాకు మన పట్నం బజారు గుర్తుకొచ్చింది.

ఇక అసలు సంగతి. దోల్మాబాహ్చె అని బాస్ఫరస్ ఒడ్డున తెల్లని పెద్ద మహలు. దోల్మా అంటే కూరిన వంట, మన గుత్తివంకాయ లాంటిది. బాహ్చె అంటే బగీచా. సముద్రాన్ని మట్టితో కూరి పూడ్చి చేసిన తోట కనుక ఆ పేరు. 1843 నుంచి 1856 దాకా కట్టారు, 285 గదులు. ముస్తఫా కెమాల్ అతాతుర్క్ 1938 నవంబరు 10న పొద్దున 9 గంటల 5 నిమిషాలకు చనిపోయింది ఆ మహలులోనే. 2014 వసంతంలో మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. మామూలుగానే రెండు టిక్కెట్లు, మామూలుగానే "మేము చూశాంలే, మీరు చూసి రండి." మేము చూసి వచ్చాము. రాత్రి భోజనాల దగ్గర మేడమెట్లకు ఉన్న స్ఫటికపు కంబాల గూర్చి చెబుతుంటే తెయ్జె గరిటె పట్టుకుని అలాగే వింటూ ఉండిపోయింది.

అబ్లా మమ్మల్ని మేడమీద దాకా సాగనంపుతూ మెల్లగా అన్నది: "మా అమ్మ ఆ మహలు లోపలికి ఎన్నడూ పోలేదు. నాన్న ముప్పయి ఏళ్ళు దాని ముందునుంచి రోజుకు ఎన్నోసార్లు స్టీమరు మీద పోయాడు, ఆయనా పోలేదు. అయా సోఫ్యా కూడా చూడలేదు. నలుగురికి టిక్కెట్లంటే వాళ్ళకు వారం కూరల డబ్బు. మీరు పరదేశం పిల్లలు, మీరు చూసి వెళ్ళాలి, మేము ఎక్కడికి పోతాము, ఎప్పుడైనా చూడొచ్చు అంటారు. నేను చెప్పానని అనకండి."

ఆ రాత్రి మేము ఇద్దరమూ మాట్లాడుకోలేదు. మేము చూసిన ప్రతి స్తంభం వెనుకా బయట బల్లమీద గింజలు ఒలుచుకుంటూ కూర్చున్న ఆ ఇద్దరూ కనబడసాగారు. మాకు స్కాలర్‌షిప్పు వచ్చేది. ఒక సెల్‌ఫోను కొందామని దాచుకున్న డబ్బు కూడా ఉన్నది. అయినా మా టిక్కెట్టు మేము కొనుక్కోవడానికి గట్టిగా పట్టుపట్టిన రోజు ఒక్కటీ లేదు. పెద్దలు ఇస్తున్నారు గదా అని ఊరుకున్నాము. ఇవ్వనివ్వడం మర్యాద అనుకున్నాము. అవతలివారి జేబులో ఎంత ఉన్నదో చూడకుండా తీసుకుంటే అది ఏమి మర్యాద?

ఆ చలికాలం మొదట్లో ఒక ఆదివారం మేమే టోపీలు పెట్టుకుని "పదండి" అన్నాము. యూనివర్సిటీ వాళ్ళు నలుగురికి ఉచితంగా పాసులు ఇచ్చారని చెప్పాము. అది అబద్ధం. ఇంత పెద్ద సభలో ఒప్పుకుంటున్నాము. నలుగురికీ ముందురోజే ధర కనుక్కుని డబ్బు లెక్కపెట్టి ఉంచుకున్నాము, ఒకడు ముందుగా పరుగెత్తి టిక్కెట్లు తెచ్చాడు. గుమ్మం దగ్గర జోళ్ళకు ప్లాస్టిక్ తొడుగులు ఇస్తారు. అవి తొడుక్కుని తెయ్జె పెళ్ళికూతురులా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. పెద్ద హాలులో నాలుగున్నర టన్నుల గాజుదీపాల ఝూమరు వేలాడుతున్నది. అందరూ నోరు తెరిచి చూస్తుంటే ఆమె మా చెవిలో, "దీనికి దుమ్ము ఎవరు దులుపుతారు?" అని అడిగింది. అమ్జా కిటికీ దగ్గరకు పోయి నిలబడ్డాడు. బయట నీళ్ళమీద వపుర్ పోతున్నది. లోపలినుంచి దాన్ని చూడడం ఆయనకు జీవితంలో అదే మొదలు. గైడు పిలిచినా చాలాసేపు అక్కడినుంచి కదలలేదు.

గైడు ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ గూర్చి చెప్పాడు. 1924 మార్చిలో పదవి రద్దయినాక తెల్లవారకముందే ఆయన్ని కుటుంబంతో సహా ఆ మహలునుంచే దేశం దాటించారు. అప్పుడు ఆయన కూతురు దుర్రె షెహ్వార్‌కు పదేళ్ళు. ఇక్కడ మా వంతు వచ్చింది. ఆ పిల్ల పెద్దదై మా హైదరాబాదు కోడలయిందని తెయ్జెతో చెప్పాము. 1931 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ పట్నంలో నిజాం పెద్ద కొడుకుతో ఆమెకు, చిన్న కొడుకుతో ఆమె బంధువు నీలోఫర్‌కు ఒకే రోజు నికా జరిగింది. దుర్రె షెహ్వార్ పుట్టింది ఉస్కుదార్‌లోని చామ్లిజా గుట్ట మీద. తెయ్జె ఇంటినుంచి నడిచిపోయే దూరం. ఆమె ఆగిపోయింది. రాజులు, బంగారం గూర్చి ఏమీ అడగలేదు. "అంత దూరాన ఆ పిల్లల్ని బాగా చూసుకున్నారా?" అని అడిగింది.

ఆ మాటకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. నీలోఫర్ సంగతి చెప్పాము. ఆమెకు పిల్లలు కలగలేదు. ఆమె దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోతే ఆమె తల్లడిల్లి, తల్లులకు పిల్లలకు ప్రత్యేకంగా ఆస్పత్రి ఉండాలని పట్టుబట్టింది. 1953లో హైదరాబాదులో నీలోఫర్ ఆస్పత్రి మొదలయింది. దుర్రె షెహ్వార్ పేరిట కూడా పురానీ హవేలీలో ఒక ఆస్పత్రి ఉన్నది. జిల్లాలనుంచి సైతం జబ్బు పిల్లల్ని నీలోఫర్‌కు తీసుకెళ్ళేవారు. మాలో చిన్నవాడికి రెండేళ్ళ వయసులో జ్వరం తలకెక్కితే గుంటూరునుంచి అక్కడికే తీసుకెళ్ళారు. పన్నెండు రోజులు ఉన్నాడు. అమ్మీ ఇప్పటికీ చెబుతుంది. ఇది విన్న తెయ్జె చిన్నవాడి తలమీద చేయి పెట్టి, "అయితే మా ఊరి పిల్ల పేరున్న చోట బతికి, మా ఊరు వచ్చావన్నమాట" అన్నది. గైడు మమ్మల్ని ముందుకు కదలమని తొందరపెడుతున్నాడు. ఎవరూ కదలలేదు.

తిరుగు స్టీమరులో టీ తాగుతూ అమ్జా సముద్రం వైపు చూస్తూనే, "ఆ పాసులు ఏ రంగులో ఉన్నాయి?" అని అడిగాడు. మేము ఒకడు తెలుపు, ఒకడు నీలం అన్నాము. ఆయన ఏమీ అనలేదు. సిమిత్ తుంచి సగం మా చేతిలో పెట్టాడు.

2015లో వచ్చేసేటప్పుడు టాక్సీ కదలగానే తెయ్జె చెంబుతో నీళ్ళు మా వెనుక రోడ్డుమీద పోసింది. అది వాళ్ళ ఆచారం. నీళ్ళలా సాఫీగా పోయి నీళ్ళలా తిరిగి రావాలని. మేము ఇంతవరకు తిరిగి పోలేదు. ఫోనులో మాట్లాడుతూ ఉంటాము. ఒకసారి ఆమె అడిగింది: "మీ ఊరికి కూడా పరదేశం పిల్లలు చదువుకోవడానికి వస్తారా? వాళ్ళకు ఊరు ఎవరు చూపిస్తారు?" వస్తారు అన్నాము. రెండో ప్రశ్న వినబడనట్టు ఊరుకున్నాము.

వస్తారు, మీరూ చూస్తూనే ఉన్నారు. గుంటూరు, విజయవాడ చుట్టూ ఉన్న కాలేజీలకు ఆఫ్రికా దేశాలనుంచి ఎందరో పిల్లలు వస్తున్నారు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా మనవాళ్ళు నిలబడే ప్రయాణం చేస్తారు. ఇక మేము చెబుతామన్న తప్పు. 2023లో మా ఇంటి పై వాటాకు టులెట్ బోర్డు కట్టాము. ఒక మధ్యాహ్నం టాంజానియా కుర్రవాడు ఒకడు వచ్చి గది అడిగాడు. వినయంగా సలాం చెప్పి మరీ అడిగాడు. ఇంట్లోవాళ్ళు లోపలినుంచే సైగ చేశారు. గది ఇచ్చేశామని మేము చెప్పాము. ఆ కుర్రవాడు తలెత్తి బోర్డు వైపు ఒకసారి చూశాడు. థాంక్యూ అని వెళ్ళిపోయాడు. బోర్డు ఇంకా వేలాడుతూనే ఉన్నది. రెండేళ్ళు ఒక పరాయి ఇంట్లో కన్నబిడ్డల్లా పెరిగినవాళ్ళం మేమే, ఆ గుమ్మంలో నిలబడి ఆ మాట అన్నదీ మేమే.

మరుసటి వారం జుమా నమాజు తరువాత అతను మసీదు మెట్లమీద జోళ్ళు వేసుకుంటూ కనబడ్డాడు. వెళ్ళి క్షమించమని అడిగాము. గది అప్పటికి అతనికి వేరే చోట దొరికింది. ఆదివారం నాస్తాకు రమ్మన్నాము. ఇంకో స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మీ మొదట వంటింట్లోనుంచి బయటకు రాలేదు. రెండో దోసె వేసేసరికి వచ్చింది. మూడో దోసె దగ్గర, వాళ్ళమ్మ ఏం వండుతుంది, ఇంట్లో ఎందరు అని ఆరా మొదలుపెట్టింది.

ఆ తరువాతి ఆదివారం వాళ్ళిద్దర్నీ తీసుకుని ఉండవల్లి గుహలకు బయలుదేరాము. మేమిద్దరము, మా ఇంటి ఆడవాళ్ళు ఇద్దరు, అమ్మీ, ఆ పిల్లలిద్దరు. కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా చేసిన గుహలు, లోపల పడుకున్న అనంతశయనుడి పెద్ద విగ్రహం. ఇంటినుంచి గంట ప్రయాణం. అడుగుదాము గదా అని లెక్క తీస్తే మా ఇంట్లో ఒక్కరూ ఇంతవరకు చూడలేదు. ఇస్తాంబుల్‌లో ఏ గుమ్మటం ఏ సంవత్సరంలో కట్టారో చెప్పగలము, ఉండవల్లి మేము చూసింది దారిలో బోర్డుమీద మాత్రమే. అక్కడ విదేశీయులకు టిక్కెట్టు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది చూసి ఆ పిల్లలు వెనక్కు తగ్గి, బయట ఉంటామన్నారు. అదేమీ కుదరదన్నాము.

ఇంతలో అమ్మీ కొంగు సర్దుకుని చెట్టు కింద అరుగు మీద కూర్చున్నది. "నేను ఎప్పుడో చూశాన్లే నాయనా, మీరు చూసి రండి" అన్నది.

మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఎప్పుడు చూశావమ్మీ అని అడిగితే, చిన్నప్పుడు అంటూ అటు తిరిగి కూర్చున్నది. పెద్దవాడు వెళ్ళి ఆమె చేతిలోని సంచీ తీసుకున్నాడు. కౌంటరులో మనిషి ఎన్ని టిక్కెట్లు అని అడిగితే, చిన్నవాడు తలలు లెక్కపెట్టి ఏడు అన్నాడు.